పిల్లను కాదు, ముందు తల్లిని చూపించమనండి

పిల్లలకు కాకర్ స్పానియల్ కావాలి. ఫోనులో ఏదో వీడియో చూశారు. పట్టులాంటి బొచ్చు, భుజాల దాకా వేలాడే చెవులు, జాలిగా చూసే కళ్ళు. తెస్తానన్నది వాళ్ళ నాన్న. డబ్బులిస్తానన్నది తాతయ్య. ఈ వ్యవహారం మొత్తంలో ఎవరూ అడగనిది ఒక్క మనిషినే, రేపటి నుంచి ఆ చెవులు తుడవాల్సిన మనిషిని.

మా కుప్పంలో ఈ మధ్య ఇలాంటి కుక్కపిల్లలు బాగా కనిపిస్తున్నాయి. బంగారుపేట మీదుగా రైలెక్కితే బెంగళూరు ఎంత దూరం గనక! పొద్దున పోయి సాయంత్రానికి అట్టపెట్టెలో పిల్లను తెచ్చేస్తున్నారు. తేవడం తప్పని నేననను. ఎక్కడి నుంచి, ఎవరి దగ్గర, ఏమడిగి తెస్తున్నాం అన్నదే నా గొడవ. ఇంకో గొడవ కూడా ఉంది. పెంచేది ఆడవాళ్ళయినప్పుడు బేరానికి మగవాళ్ళు మాత్రమే ఎందుకు పోవాలి?

ముందు ఆ కుక్క సంగతి తెలుసుకుందాం. ఇది ఇంగ్లండులో వేటకోసం పెంచిన జాతి. పొదల్లో దూరి పిట్టలను లేపడం దాని పని. చూడటానికి బొమ్మలా ఉన్నా పెద్దదైతే పదమూడు, పద్నాలుగు కిలోలు తూగుతుంది. రోజూ పరుగు కావాలి. బాగా చూసుకుంటే పన్నెండేళ్ళు, ఆపైన కూడా బతుకుతుంది. అంటే ఈ ఏడు ఆరో తరగతిలో ఉన్న అమ్మాయి డిగ్రీ ముగించి ఉద్యోగానికి పోయేదాకా అది మన ఇంట్లోనే ఉంటుంది. అమ్మాయి పోతుంది, కుక్క మన దగ్గరే ఉంటుంది.

ఇక ఆ చెవులు. అందం అక్కడే, బాధ కూడా అక్కడే. కిందికి వాలి, లోపలా బయటా బొచ్చుతో మూసుకుపోయి ఉంటాయి కాబట్టి గాలి ఆడదు. చెమ్మ చేరి, చీము పట్టి, వాసనొస్తుంది. వారం వారం చూడాలి, స్నానం చేయించాక లోపల తడి లేకుండా తుడవాలి. ఒంటి బొచ్చును రోజూ దువ్వకపోతే ఉండలు కట్టి చర్మాన్ని లాగేస్తుంది. ఒకసారి చేను గట్టు మీదికి తీసుకెళ్ళి వచ్చారంటే పల్లేరుకాయలు ఏరుతూ కూర్చోవడమే. బెంగళూరులో దీనికి గ్రూమింగ్ పార్లర్లున్నాయి. ఇక్కడ ఆ పార్లరు మనమే. మిగిలిన సంగటీ పులుసూ వేస్తే సరిపోతుందని అనుకోకండి, ఎర్రగడ్డ కుక్కలకు మంచిది కాదు, ద్రాక్ష, కిస్మిస్ అసలు పనికిరావు. ఎర్రగడ్డ లేని పులుసు మన ఇళ్ళల్లో ఏదుంది?

ఇదంతా విని కూడా కావాలనిపిస్తే, సరే, తెచ్చుకుందాం. కానీ మనవాళ్ళు ఎప్పుడో చెప్పిన మాట ఉంది కదా, పాడిని చూసి బర్రెను, తల్లిని చూసి పిల్లను తెచ్చుకోవాలని. సంతలో ఎనుమును కొనేటప్పుడు మన ఇంటి పెద్దవాళ్ళు ఎంత చూస్తారు! పళ్ళు చూస్తారు, పొదుగు చూస్తారు, ఎన్నో ఈత అని అడుగుతారు, తెల్లవారుజామున ఎదురుగా పాలు పిండి చూపించమంటారు. పక్కనే ఉన్న పుంగనూరు ఆవునే తీసుకోండి. మూడడుగులకు అటూ ఇటూ ఎత్తుండే ఆ చిన్న ఆవుకు గిరాకీ పెరిగాక, పొట్టిగా ఉన్న దూడనల్లా పుంగనూరు అని అంటగట్టేవాళ్ళు తయారయ్యారు. అందుకే తెలిసినవాళ్ళు తల్లినీ, ఆబోతునూ చూడకుండా డబ్బు తీయరు. అదే మనుషులు కుక్కపిల్లను మాత్రం వాట్సాప్ ఫోటో చూసి అడ్వాన్సు పంపిస్తారు. ఇదేం తెలివో నాకు అర్థం కాదు.

పట్టుపురుగులు మేపే అక్కలకైతే ఇది నేను చెప్పక్కర్లేదు. గుడ్లు తెచ్చేటప్పుడు గ్రెయినేజ్ నుంచి పరీక్ష చేసినవే తెస్తాం కదా. పెబ్రిన్ అనే జబ్బు తల్లి చిలక నుంచి గుడ్డుకు దిగుతుంది. అందుకే గుడ్లు పెట్టాక తల్లిని నలిపి మైక్రోస్కోపులో చూసి, జబ్బుంటే ఆ గుడ్లు పారేస్తారు. 1865 నుంచి 1870 వరకు ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ దీనిమీదే పనిచేసి చెప్పిన పద్ధతి ఇది. నూటయాభై ఏళ్ళుగా పురుగు విషయంలో పాటిస్తున్న జాగ్రత్త, పన్నెండేళ్ళు మన ఇంట్లో తిరిగే ప్రాణం విషయంలో పాటించకపోతే ఎలా?

కాకర్ స్పానియల్‌కు తల్లిదండ్రుల నుంచి దిగే జబ్బులున్నాయి. ఒకటి కళ్ళది. కొన్నేళ్ళు బాగానే ఉండి, తర్వాత చీకట్లో తడబడటం మొదలై, మెల్లగా పూర్తిగా చూపు పోతుంది. ఇంకొకటి మూత్రపిండాలది, ఇది చిన్న వయసులోనే ప్రాణం తీస్తుంది. తల్లీ తండ్రీ చూడటానికి ఆరోగ్యంగానే ఉంటాయి, కానీ ఇద్దరిలోనూ ఆ లోపం దాగి ఉంటే పిల్లలో బయటపడుతుంది. మేనరికాల గురించి డాక్టర్లు మనకు చెప్పేది కూడా ఇదే కదా. ఈ రెండింటికీ జన్యు పరీక్షలున్నాయి. బాధ్యత ఉన్న బ్రీడర్ ఆ పరీక్షలు చేయించి, కాగితాలు దగ్గర పెట్టుకుంటారు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితం ఉందని చూపిస్తే అది వంశం చెప్పే కాగితం, ఆరోగ్యం చెప్పేది కాదు. రెండూ వేరు వేరుగా అడగాలి. వంశం కాగితంలో తల్లి వైపూ తండ్రి వైపూ అవే పేర్లు మళ్ళీ మళ్ళీ కనిపిస్తే, అది కుక్కల మేనరికం అని మీరే గ్రహించాలి.

మా వీధిలో ఒకరింట్లో పోయిన ఏడు జరిగింది చెప్తాను. నలభై ఐదు రోజుల పిల్ల అని తెచ్చారు. అమ్మినతను బస్టాండు దగ్గరికే తెచ్చిచ్చాడు, అతని ఇల్లెక్కడో వీళ్ళకు తెలియదు. మూడో రోజు తిండి మానేసింది, తర్వాత వాంతులు, రక్త విరేచనాలు. పార్వో అన్నారు డాక్టరుగారు. నాలుగు రోజులు సెలైన్ ఎక్కించినా దక్కలేదు. ఆ ఇంటి పాప వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఫోను చేస్తే అమ్మినతను ఎత్తలేదు.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. కుక్కల పెంపకం, అమ్మకం మీద కేంద్ర ప్రభుత్వం 2017లో నియమాలు పెట్టింది. బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఎనిమిది వారాలంటే యాభై ఆరు రోజులు. అంటే ‘నలభై ఐదు రోజుల పిల్ల’ అని ప్రకటన ఇచ్చినవాడు నియమం తప్పానని తానే ఒప్పుకుంటున్నాడు! ఆ రోజుల్లో పిల్ల తల్లి దగ్గర ఊరికే ఉండదు. తోబుట్టువులతో ఆడుతూ గట్టిగా కొరికితే అవి అరుస్తాయి, తల్లి కసురుతుంది. ఎంత కొరకాలో ఎక్కడ ఆపాలో అప్పుడే నేర్చుకుంటుంది. ముందే లాక్కొచ్చేస్తే ఆ పాఠం మన పిల్లల చేతుల మీద నేర్చుకుంటుంది.

ఆ నియమాల్లో తల్లి గురించి కూడా ఉంది. ఏడాదిన్నర నిండకుండా కట్టించకూడదు, బతుకంతా కలిపి ఐదు ఈతలకు మించకూడదు. ఇది చదివినప్పుడు నాకు మనసు కలుక్కుమంది. ఎందుకంటే ఈ నియమం రాయాల్సి వచ్చిందంటే, అంతకు మించి కనిపిస్తున్నారనే కదా అర్థం. ఒంట్లో శక్తి ఉందో లేదో చూడకుండా, ఎదకొచ్చిన ప్రతిసారీ కట్టించి, బోనులోనే ఈనించి, పిల్లలను పెట్టెలో పెట్టి పంపేస్తున్నారు. బాలింతను ఎలా చూసుకోవాలో మనకెవరూ నేర్పక్కర్లేదు. ఆ తల్లిని చూపించడానికి అమ్మేవాడు ఎందుకు వెనకాడతాడో ఆలోచించండి. చౌకగా వచ్చిందని మనం మురిసిపోయే ఆ పిల్ల ఖరీదులో తగ్గింది తల్లి తిండే.

మా వదిన తన కొడుకు కోసం వెతుకుతుంటే తోడుగా నేనూ బెంగళూరు పోయాను. ఒకావిడ తన ఇంట్లోనే పెంచుతోంది. తల్లికుక్క మా కాళ్ళ దగ్గరికొచ్చి వాసన చూసి, తోక ఊపుతూ పక్కనే పడుకుంది. చెవుల్లో వాసన లేదు, బొచ్చులో ఉండల్లేవు. మేం అడిగినదానికంటే ఆవిడ మమ్మల్ని అడిగిందే ఎక్కువ. పగలు ఇంట్లో ఎవరుంటారు? కాంపౌండు గోడ ఉందా? ఊరెళ్ళినప్పుడు ఎవరికి అప్పగిస్తారు? పెళ్ళిచూపులకు మేం వచ్చామా, ఆవిడ వచ్చిందా అన్నట్టుంది. పుట్టబోయే వేడి నెలల గురించి కూడా అడిగింది, మాది బెంగళూరంత చల్లటి ఊరు కాదు కదా. చివరికి, ఇప్పుడు పిల్లల్లేవు, వచ్చే ఈత దాకా ఆగాలంది. వదినకు కోపమొచ్చింది. నాకు మాత్రం ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

‘వీధిలో ఇన్ని కుక్కపిల్లలుంటే కొనడమెందుకు’ అని కొందరంటారు. నిజమే. మీ పిల్లలకు కావలసింది ‘ఒక కుక్క’ అయితే నాటు పిల్లను తెచ్చి, టీకాలు వేయించి, ఆపరేషను చేయించి పెంచుకోండి. మన ఎండకూ మన తిండికీ అదే తట్టుకుంటుంది, బొచ్చు దువ్వే పనీ లేదు. నన్నడిగితే ముందు అదే చెప్తాను. కానీ స్పానియలే కావాలని పట్టుబట్టిన ఇంట్లో ఈ మాట చెప్తే వినరు, ఊరికే వినకపోవడమే కాదు, చాటుగా పోయి బస్టాండులో కొనేస్తారు. ఏ జాతిదైనా సరే, రేబిస్ టీకా మాత్రం మానకండి. ఆ జబ్బు లక్షణాలు కనిపించాక మందు లేదు.

ఆవిడ చివరగా ఒక కాగితం చూపించింది. ఎప్పుడైనా, ఏ కారణం చేతనైనా మీరు పెంచలేకపోతే వీధిలో వదలకండి, ఎవరికీ ఇవ్వకండి, నాకే తిరిగివ్వండి అని అందులో రాసి ఉంది. ఇప్పుడు వదిన ఏ నంబరుకు ఫోను చేసినా ముందు ఆ మాటే అడుగుతోంది. ‘పెంచలేకపోతే వెనక్కి తీసుకుంటారా?’ ఇప్పటిదాకా ముగ్గురు ఆ మాటకే ఫోను పెట్టేశారు.