ఎకరాల లెక్క సరే, చేతుల లెక్క ఏది?

బందరుకి రేవు వస్తుందన్న మాట వింటూనే మా పెద్దోళ్లు కాటికి పోయారు. మాకూ నలభై దాటింది. ఈ మధ్యలో మూడు జెండాలోళ్లు వచ్చి మూడు కొబ్బరికాయలు కొట్టారు. 2008 ఏప్రిల్‌లో కరగ్రహారం దగ్గర రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. పని దక్కించుకున్న మైటాస్ 2009 జనవరిలో సత్యం కుంభకోణంతో పాటే కూలబడింది. 2010లో నవయుగతో ఇంకో ఒప్పందం. 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు కొబ్బరికాయ, అదే ఏడాది ఆగస్టులో ఆ ఒప్పందం రద్దు. ఆఖరికి 2023 మే 22న తపసిపూడి దగ్గర జగన్ శంకుస్థాపన: నాలుగు బెర్తులు, 5,156 కోట్ల అంచనా.

రేవు వద్దని మేము అనడం లేదు. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది. గూడెం నోరు తెరిస్తే చాలు 'అభివృద్ధికి అడ్డం' అని ముద్ర గుద్దడానికి కాచుక్కూర్చున్నవాళ్లు ఉన్నారు. 1611లో ఇంగ్లీషువాళ్లు కోఠీ పెట్టుకున్న రేవు ఇది. మళ్లీ ఓడలు వస్తే, మంగినపూడి కుర్రాళ్లు హైదరాబాదులో సెక్యూరిటీ గార్డు పనికి పోకుండా ఇంటిపట్టున బతికితే మాకంటే సంతోషించేవాళ్లు ఎవరు? మా గొడవ రేవుతో కాదు. రేవు పేరు చెప్పుకొని పుట్టిన సంస్థతో, అది లెక్కలు రాసే పద్ధతితో.

2016లో మచిలీపట్నం ఏరియా డెవలప్‌మెంట్ అథారిటీ అని ఒకటి పెట్టారు. పొడి అక్షరాలు కలిపితే 'మడా'. మడ అడవుల తీరానికి మడా వచ్చిందే అని అప్పట్లో నవ్వుకున్నాం. తర్వాత అది 'అర్బన్' చేర్చుకొని ముడా అయింది. ఇలాంటి సంస్థల వెనక ఒక సిద్ధాంతం ఉంది. ఊరూ ఊరూ విడివిడిగా ఎదగలేవు. నాలుగు ఊళ్లనీ ఒక ప్రాంతంగా చూసి భూమి, రోడ్డు, కరెంటు, చదువు ఒకచోట కూర్చాలి. కంపెనీ పక్కన కంపెనీ చేరితే కొత్త ఆలోచన పుడుతుంది, దాని పేరు ఇన్నొవేషన్. అప్పుడు మన నగరం పై నగరాలతో పోటీకి నిలుస్తుంది. విశాఖకీ, అమరావతికీ చెప్పిన పాఠమే బందరుకీ చెప్పారు.

ఈ పాఠం అబద్ధమని కొట్టిపారేయలేం. బందరే దానికి సాక్ష్యం. 1926లో ఇక్కడ ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పుట్టింది. బడుల లేబొరేటరీలకి సామాన్లు చేసిన ఆ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ కలుపుకుంది. సైన్యం వాడే రాత్రిచూపు పరికరాలు ఇక్కడి నేర్పుతోనే తయారయ్యాయి, ఇప్పుడు పామర్రు దగ్గర నిమ్మలూరులో ఇంకో ఫ్యాక్టరీ. చిలకలపూడి రోల్డుగోల్డు సంగతి పెళ్లీడుకొచ్చిన ప్రతి ఆడపిల్లకీ తెలుసు. పెడన అద్దకం సంగతి దేశదేశాలకీ తెలుసు. పనోడి పక్కన పనోడు కూర్చుంటే పని ముదురుతుంది. ఏ అథారిటీ లేని రోజుల్లోనే ఇది జరిగింది.

మరి తంగేడు చెక్కతో తోలు ఊనే విద్య? పచ్చితోలుని మెత్తని చెప్పుగా, మోటబానగా, డప్పుగా మార్చింది మాదిగగూడెం. దాన్ని ఎవరన్నా ఎప్పుడన్నా ఇన్నొవేషన్ అన్నారా? ముట్టుకుంటే మైల అన్నారు. పైన చెప్పిన సిద్ధాంతానికి మొదటి చిల్లు ఇక్కడే ఉంది. ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి నేర్పుకి పేరు పెడతారు.

రెండో చిల్లు మేము కళ్లారా చూసింది. కొత్తదనం ఈ తీరానికి ఒకసారి వచ్చి వెళ్లింది. 1990ల్లో రొయ్యల చెరువులు తవ్వినప్పుడు ఇదే భాష మాట్లాడారు. డాలర్ల పంట అన్నారు, నీలి విప్లవం అన్నారు. వరి చేనుకి నారు తీయాలి, నాటాలి, కలుపు తీయాలి, కోయాలి, కుప్ప వేయాలి, నూర్చాలి. ఒక్క ఎకరం మీద ఎన్ని చేతులు! అదే ఎకరం చెరువైతే ఒక కాపలావాడు, మేత చల్లే ఒక మనిషి. మా అమ్మలు నాట్లకి పోయే చేలల్లో ఉప్పునీళ్లు నిలిచాయి, మంచినీళ్ల బావులు చప్పబడ్డాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద తీర్పు ఇచ్చింది, పని పోయిన కూలీలకి పరిహారం కూడా చెప్పింది. ఆ తీర్పు కాగితం మా పేట దాకా నడిచి రాలేదు. ఎకరానికి ఎంత దిగుబడి అని లెక్కేసినవాడు ఎకరానికి ఎన్ని కూలిదినాలు పోయాయో లెక్కేయలేదు.

ఇప్పుడు అసలు సంగతి. 2015 ఆగస్టులో రేవుకీ, పారిశ్రామిక వాడకీ కలిపి దాదాపు 30 వేల ఎకరాలకి భూసేకరణ నోటిఫికేషన్ ఇచ్చారు. రైతులు తిరగబడ్డారు. 2016లో సంస్థ పెట్టి, సేకరణ మాట పక్కనబెట్టి 'సమీకరణ' అన్నారు. పేరు మెత్తగా ఉంది. కానీ మాట మారితే మనిషి ఎలా మాయమవుతాడో చూడండి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం బాధిత కుటుంబం అంటే భూమి ఉన్నవాడొక్కడే కాదు. మూడేళ్లుగా ఆ భూమి మీద కూలి చేసుకు బతికినవాడు, కౌలుదారు, నీళ్ల మీద బతికే బెస్తవాడు కూడా బాధితుడే. భూమి తీసుకునే ముందు ఎవరి బతుకు ఏమవుతుందో అధ్యయనం చేయాలి, గ్రామంలో బహిరంగ విచారణ పెట్టాలి. (2018లో మన రాష్ట్రం సవరణ తెచ్చి ఆ అధ్యయనానికీ చాలావరకు తలుపు మూసింది, అది వేరే కథ.) సమీకరణలో ఇవేమీ లేవు. అందులో ఇద్దరే ఉంటారు, భూమి ఇచ్చేవాడూ, పుచ్చుకునేవాడూ. ఆ భూమిని వందేళ్లుగా దున్నిన మనిషి ఆ కాగితంలో లేడు.

బందరులో ఆ సమీకరణ అనుకున్నట్టు సాగలేదు. సాగినచోట ఏం జరిగిందో అమరావతిని అడగాలి. అక్కడ 29 గ్రామాల్లో 34 వేల ఎకరాల పైచిలుకు సమీకరించారు. 2015 నాటి మొదటి నిబంధనలు బడిలో మా పదో తరగతి పిల్లలకి లెక్కగా ఇచ్చాం. మెట్ట పట్టా భూమి ఎకరం ఇచ్చినవాడికి తిరిగి వచ్చేది 1,000 గజాల ఇంటిస్థలం, 250 గజాల వ్యాపారస్థలం. అదే మెట్ట, అదే ఎకరం అసైన్డ్ అయితే 800, 100. ఎకరానికి 4,840 గజాలు. ఎవరికి నూటికి ఎంత దక్కింది? పిల్లలు కట్టి చెప్పారు: పట్టాదారుకి దాదాపు 26, అసైన్డ్ వాడికి పంతొమ్మిది లోపు. వెనక బెంచీలో ఒకడు లేచి, "సార్, ఇద్దరి భూమిలోనూ ఒకే రోడ్డు పోతే, మనోడి గజాలు ఎందుకు తగ్గాయి?" అన్నాడు. పాఠం అక్కడితో ఆపేశాం.

అసైన్డ్ భూమి అంటే ఎవరిదో వేరే చెప్పాలా? అమ్ముకోకూడదని 1977 చట్టంలో రాసింది మన మీద ప్రేమతోనే, పెద్దోళ్లు కాజేయకుండా. ఆ కాపలా మాటనే చూపించి, తీసుకునేటప్పుడు 'నీది పూర్తి హక్కు కాదుగా' అని ధర కోశారు. ఈ కోత చెల్లదని 2004లోనే మన హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో చెప్పింది: ప్రభుత్వం అసైన్డ్ భూమి వెనక్కి తీసుకుంటే పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలి. పదకొండేళ్ల తర్వాత రాసిన నిబంధనల్లో ఆ తీర్పు గుర్తుకు రాలేదు. తర్వాత మార్పులు తెచ్చారు, గొడవ చేయగా చేయగా. ఇక భూమి లేనివాడికి? కుటుంబానికి నెలకి 2,500 రూపాయల పింఛను, పదేళ్లు అని అప్పట్లో రాశారు. పదేళ్లకి బిడ్డ పెరిగి పెద్దదవుతుంది, తర్వాత ఏం తినాలి?

ఈ సంస్థల పుట్టుక మన దగ్గర కాదు. 1933లో అమెరికాలో టెన్నెసీ లోయ సంస్థ పెట్టారు. ఆనకట్టలు కట్టి, కరెంటు తీసి, ఒక వెనకబడ్డ ప్రాంతాన్ని లేపారన్నది నిజం. ఆ సంస్థే నోరిస్ అని కొత్త ఊరు కట్టి, నల్లవాళ్లని అందులో కాపురం ఉండనివ్వలేదన్నదీ నిజమే. ఆ నమూనా మన దేశానికి దామోదర్ లోయ సంస్థగా 1948లో వచ్చింది. దాని పునాది పనుల్లో, 1942 నుంచి 46 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా ఉన్న బాబాసాహెబ్ చేయి ఉంది. ప్రాంతీయ ప్రణాళిక అంటే ఆయనకి వ్యతిరేకత లేదు, మాకూ లేదు. కానీ ఆ పని చూసింది కార్మిక శాఖ అన్న సంగతి మాకు ముఖ్యం. ఈనాటి అథారిటీలు నడిచేది పట్టణాభివృద్ధి శాఖ కింద. కూలివాడి గోడు వినే శాఖ ఆ గదిలో ఎక్కడ కూర్చుంటుంది?

2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నొవేషన్ హబ్ తెరిచారు. చల్లటి గది, కంప్యూటర్లు, పెట్టుబడి పెట్టేవాళ్లు. బాగుంది. మా గూడెంలో ఇంజనీరింగ్ పాసై ఫుడ్ డెలివరీ బండి నడిపే పిల్లలున్నారు. వాళ్లలో ఒక్కడు ఆ గది మెట్లెక్కాలంటే ముందు ఎవరి సిఫారసు కావాలో మాకు తెలియదు, మాకు తెలిసినవాళ్లెవరికీ తెలియదు. రేవులో క్రేను నడపడానికీ, వెల్డింగుకీ, లెక్కలు రాయడానికీ మనుషులు కావాలి. ఆ పనులు ఇప్పటి నుంచే బందరు ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలకి నేర్పితే రేవు తెరిచిన రోజున మనోడు లోపల ఉంటాడు. లేకపోతే గేటు బయట టీకొట్టు పెట్టుకుంటాడు, ఆ కొట్టుని కూడా రోడ్డు వెడల్పు పేరుతో ముడా వాళ్లే లేపేస్తారు.

1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమలో చచ్చిపోయినవాళ్ల లెక్క ప్రభుత్వం పదివేల చిల్లర అంది, బయటివాళ్లు దానికి చాలా పైన అన్నారు. కాగితం లేని మనిషి చచ్చినా లెక్కకి రాడని ఈ సీమకి కొత్తగా చెప్పక్కర్లేదు. అందుకే మేము కోరేది: రేపు ముడా ఏ ఊళ్లో ఏ పేరుతో భూమి అడిగినా, ఎకరాల జాబితా పక్కనే ఆ భూమి మీద బతికే కుటుంబాల జాబితా పెట్టాలి, గ్రామసభలో చదివి వినిపించాలి. అసైన్డ్‌కీ పట్టాకీ గజం తేడా ఉండకూడదు.

వాళ్లు రాసేదాకా మనం ఆగనక్కర్లేదు. కరగ్రహారం, పోతేపల్లి, తపసిపూడి, మంగినపూడి పేటల్లో ఆ రెండో జాబితా మనమే రాద్దాం. అసైన్‌మెంట్ పట్టా, ఉపాధి హామీ జాబ్ కార్డు, రేషన్ కార్డు, పడవ కాగితం, ఏది ఉంటే అది తీసి పెట్టండి. కౌలు కార్డుకి యజమాని సంతకం పెట్టనన్నాడా, ఎన్నేళ్లుగా ఎవరి చేను చేస్తున్నారో చెప్పండి, తెల్లకాగితం మీద రాసి పక్క చేలోళ్లతో సాక్షి సంతకం పెట్టిద్దాం. రాయడానికి మా పదో తరగతి పిల్లలు ఆదివారాలు వస్తామన్నారు.