సఫ్‌లో లేని హక్‌దారులు

అబ్బా ఇంతెఖాల్ అయి ఈ శుక్రవారానికి నలభై రోజులు. ఇంట్లో చాలీస్వా మాటలు నడుస్తున్నాయి. దేగ్‌లు ఎన్ని, గోష్ ఎంత, దావత్ ఎవరెవరికి. ఈ మాటల మధ్యే కూర్చుని రాస్తున్నాను. ఇది రాయకపోతే ఆ బిర్యానీ నాకు గొంతు దిగదు.

అబ్బా కర్నూలు వన్‌టౌన్‌లో దర్జీ. యాభై ఏళ్లకు పైగా అదే ఇల్లు, ముందు గదిలో అదే దుకాణం. చొక్కా కుట్టాక మిగిలిన గుడ్డను చుట్టగా చుట్టి, దారంతో కట్టి, ఆ చొక్కా జేబులోనే పెట్టి ఇచ్చేవారు. నాలుగు వేళ్ల వెడల్పు ముక్కైనా సరే. "మనం కూలీ తీసుకున్నాం బేటా, గుడ్డ తీసుకోలేదు. ఇది అమానత్" అనేవారు. ఒకసారి నా కూతురు బొమ్మకు ఓఢ్నీ కావాలని మెరిసే సాటిన్ ముక్క పట్టుకుని పరుగెత్తింది. దాని దాదా దాన్ని ఎత్తుకుని, బుజ్జగించి, ముక్క వెనక్కి తీసుకుని, తన కొత్త రుమాలు కత్తిరించి ఓఢ్నీ కుట్టిచ్చారు. ఆ బొమ్మ ఇప్పటికీ ఉంది. ఆపా పిల్లలు ఆయన్ను 'నానా' అని పిలుస్తుంటే పక్కింటి అవ్వ "తాతను పట్టుకుని నాన్న అంటారేం రా మీరు" అని నవ్వేది. నలుగురికి అబ్బా, ఏడుగురికి దాదా, నానా. ఇంట్లో ఆయన కుర్చీ మీద ఇంకా ఎవరూ కూర్చోవడం లేదు.

జనాజా నమాజుకు ముందు మన రివాజు మీకు తెలిసిందే. సఫ్‌లు కట్టాక కొడుకు నిలబడి, మరహూమ్ ఎవరికైనా బాకీ ఉంటే నన్ను అడగండి, మాటేమైనా అని ఉంటే మాఫ్ చేయండి అని ఏలాన్ చేస్తాడు. మా భాయీ వణికే గొంతుతో చెప్పాడు. నమాజయ్యాక గుండీల దుకాణం ఆయన వచ్చి 340 రూపాయలు రావాలన్నాడు, అంటూనే వద్దులే అన్నాడు. ఖబ్రస్తాన్ గేటు దగ్గరే భాయీ ఆయన చేతిలో పెట్టేశాడు. ఇద్దరు ముగ్గురైతే తామే అబ్బాకు కుట్టుకూలీ బాకీ ఉన్నామన్నారు. ఖర్జ్ బరువు లేకుండా వెళ్లారు, అల్హందులిల్లాహ్ అనుకున్నాను. ఖర్జ్ చిన్న మాట కాదు కదా. అప్పు మిగిల్చి పోయిన మనిషి జనాజా వస్తే రసూలుల్లాహ్ (స) తాను నమాజ్ చదివించలేదనీ, అబూ ఖతాదా (రజి) ఆ అప్పుకు పూచీ పడ్డాకే చదివించారనీ ఎన్ని బయాన్లలో వినలేదు మనం!

ఇంటికొచ్చాక ఇంకో సంగతి తెలిసింది. గుసుల్ అయ్యాక, జనాజా లేవకముందు, ఆడవాళ్లు అమ్మీని మయ్యిత్ దగ్గరికి తీసుకెళ్లి "మెహర్ మాఫ్ కరీ బోలో" అన్నారట. ఒకరు కాదు, నలుగురు. అమ్మీ తల ఊపింది.

యాభై ఏళ్లు కాపురం చేసిన మనిషి కఫన్‌లో ఉంటే, ఏ ఆడమనిషి "లేదు, నాది నాకివ్వండి" అనగలదు? 1974 నాటి నికాహ్‌నామాలో అమ్మీ మెహర్ 1,100 రూపాయలు. అప్పట్లో పది గ్రాముల బంగారం ఐదు వందల రూపాయల చుట్టుపక్కల ఉండేది. అంటే రెండు తులాల సొమ్ము. అబ్బా ఎగ్గొట్టాలనుకోలేదు. మన ఇళ్లలో మెహర్ తలాఖ్‌కో మౌత్‌కో తప్ప గుర్తు రాదు, అంతే. కానీ షరియత్‌లో అదీ ఖర్జే. కఫన్ దఫన్ ఖర్చు పోగానే ఖర్జ్ తీరాలి. తర్వాత వసీయత్, అదీ మూడో వంతు దాటకుండా. వారిసుల హిస్సాలు ఆ తర్వాతే. గుండీలాయన వద్దన్నా చేతిలో పెట్టాం. అమ్మీ ఖర్జ్ మాత్రం ఒక తల ఊపుతో కొట్టేశాం.

ఇక ఫుప్పు సంగతి. ఈ ఇల్లు అబ్బా వాళ్ల అబ్బా, అంటే మా దాదా కట్టింది. మూడు సెంట్లు. పట్టా ఇంకా ఆయన పేరు మీదే ఉంది. దాదా పోయేనాటికి వారిసులు ఇద్దరే, అబ్బా, ఫుప్పు. కొడుకుకు రెండు హిస్సాలు, కూతురికి ఒకటి. లెక్క కోసం ముఫ్తీ సాబ్ దగ్గరికి పోవాల్సిన పని కూడా లేదు, ఒక సెంటు ఆమెది. ప్రతి రంజాన్‌కు అబ్బా చెల్లెలికి చీర పెట్టేవారు, పెట్టి "ఈ ఇంట్లో నీ హిస్సా ఉందే" అనేవారు. ఆమె నవ్వేది. ఆ నవ్వును మేమంతా మాఫీ కింద రాసుకున్నాం. సాటిన్ ముక్కను మనవరాలికి కూడా ఇవ్వని మనిషి దగ్గర చెల్లెలి సెంటు ఉండిపోయింది. ఈ వాక్యం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

మసీదులో ఏలాన్ వినేది మగవాళ్లు. అసలు హక్‌దారులు ఇంట్లో తలుపు వెనక ఉన్నారు. వాళ్లను ఎవరూ అడగరు.

అడిగితే మనవాళ్ల దగ్గర జవాబులు తయారుగా ఉంటాయి. షాదీకి ఖర్చు పెట్టాం, జహేజ్ ఇచ్చాం, తనెప్పుడూ అడగలేదు, తీసుకుంటే పుట్టింటి రాకపోకలు తెగిపోతాయి. జహేజ్ విరాసత్ కాదు. అడగకపోతే పోయే హక్ కూడా కాదిది. ఆస్తి కొంచెమైనా ఎక్కువైనా ఆడవాళ్లకు హిస్సా ఉందని సూరె నిసా సాఫ్‌గా చెబుతుంది. 1937 షరియత్ చట్టం రివాజు ఏదైనా సరే విరాసత్ షరియత్ ప్రకారమే అంది. వ్యవసాయ భూమిని మాత్రం వదిలేసింది. మద్రాసు సర్కారు 1949లో ఆ మినహాయింపునూ తీసేసింది, మన కర్నూలు అప్పుడు మద్రాసులోనే ఉంది. పర్సనల్ లా మీద చెయ్యి పడితే రోడ్డెక్కుతాం, మంచిదే, నేనూ వెళ్లాను. అదే పర్సనల్ లా చెల్లెలికిమ్మన్న సెంటు దగ్గర మాత్రం మనకు రివాజు ముద్దు.

మాఫీ ఉండదని కాదు. ముందు సొమ్ము ఆమె చేతిలో పడాలి. నాలుగు రోజులు ఆమె దగ్గర ఉండాలి. అప్పుడు ఖుషీగా వెనక్కిస్తే దాన్ని మాఫీ అందాం.

చాలీస్వా జాయెజా కాదా అన్న బహస్‌లోకి నేను పోను. నేనడిగేది, ఆ దేగ్‌లు ఎవరి పైసలతో? అబ్బా తర్కా ఇంకా పంచలేదు. అందులో అమ్మీది ఎనిమిదో వంతు ఉంది, ఆపా వాళ్ల హిస్సాలున్నాయి. వాళ్లను అడక్కుండా అందులోంచి తీసి తినిపిస్తే ఈసాలె సవాబ్ అవుతుందా? ఈ మాటంటే ఒక బంధువు "మరహూమ్‌ను బద్నామ్ చేస్తున్నావు" అన్నాడు. అబ్బా ఇక ఇవ్వలేరు. ఆయన తరఫున ఇవ్వగలిగింది మేమే.

భాయీ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే ఖర్చు తగ్గించి, ఇద్దరం మా జేబుల్లోంచి మదర్సా పిల్లలకు ఒక పూట తినిపిద్దామన్నాడు. అమ్మీకి రెండు తులాల బంగారం తెచ్చాం. ఖర్జ్ రాసిన అంకె వరకే అనేవాళ్లున్నారు. మిగిలింది కొడుకుల ఖుషీ అనుకోండి. అమ్మీ తీసుకుని బీరువాలో పెట్టుకుంది, వెనక్కివ్వలేదు.

నిన్న సాయంత్రం ఫుప్పు ఇంటికెళ్లాం. సెంటు మాట చెప్పగానే ఎప్పట్లాగే నవ్వింది. "ఒక్క సెంటు ఏం చేసుకుంటాను రా, గంపలో ఎత్తుకొస్తానా?" అంది. చాయ్ ఇచ్చింది, అబ్బా చిన్నప్పటి కథలు చెప్పి ఏడ్చింది, మమ్మల్ని పంపించేసింది. పొద్దున ఫజర్ అయిన కాసేపటికే నాకు ఫోన్ చేసింది. "బేటా, రిజిస్ట్రేషన్‌కు ఆధార్ ఒకటే చాలా, ఫోటోలు కూడా కావాలా?"