నవ్వు సరే... ఎవర్ని చూసి?

సీరియల్ అయిపోయింది. టీవీ కట్టేశారు. కథ మాత్రం బుర్రలోంచి పోవట్లేదు. ‘ఆ అన్నదమ్ములు విడిపోకుండా ఉంటే? ఆ అమ్మాయి చనిపోకుండా ఉంటే?’... ఒకటే ఆలోచన. చాలామంది అన్నం తినేసి మర్చిపోతారు. కొందరు అలా ఊరుకోరు. కలం తీసుకుని, అలా జరిగి ఉంటే ఏమయ్యేదో రాసేస్తారు. దాన్నే ఫ్యాన్ ఫిక్షన్ అంటారు. పాత్రలు పాతవే, కథ మాత్రం అభిమానిది. ఇది మనకు మరీ కొత్తేం కాదు. వ్యాసభారతంలో శశిరేఖ కనిపించదు. జనం నోట పుట్టిన ఆమె పెళ్లికథే 1957లో ‘మాయాబజార్’ అయి మన ముందుకొచ్చింది.

అమెరికాలో ఈ ముచ్చట ‘స్టార్ ట్రెక్’తో ఊపందుకుంది. 1966లో ఆ సీరియల్ మొదలైంది. మర్నాటి ఏడే అభిమానులు ‘స్పాకనేలియా’ అని ఓ చిన్న పత్రిక తెచ్చారు. సొంత ఖర్చుతో అచ్చేసుకోవడం, పోస్టులో పంచుకోవడం... అదో చిన్న లోకం. అందులో కథలు రాసేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. డబ్బు రాదు, పేరూ రాదు. ఇష్టం... అంతే!

మరి ఇంత ఇష్టపడేవాళ్లని టీవీ ఎలా చూసింది? నవ్వులాటగా!

1986లో ‘సాటర్‌డే నైట్ లైవ్’ అనే కామెడీ షోలో ఓ స్కిట్ వచ్చింది. స్టార్ ట్రెక్ కెప్టెన్‌గా వేసిన విలియం షాట్నర్ అభిమానుల సభకు వెళ్తాడు. వాళ్లు ఏవేవో చిన్నచిన్న వివరాలు అడిగి విసిగిస్తారు. ఆయనకు ఒళ్లు మండి, ఇక చాలు, వెళ్లి మీ బతుకులు మీరు చూసుకోండని కసురుతాడు. జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వు అంతటితో పోలేదు. అభిమాని అంటే వేరే పనీపాటా లేనివాడనే ముద్ర దాంతో మరింత గట్టిపడింది. అదే షాట్నర్ తర్వాత అభిమానుల సభలకు వెళ్లి, వాళ్లతో కూర్చుని మాట్లాడి, 1999లో ఏకంగా ఓ పుస్తకమే రాశాడు. దగ్గరికెళ్తే మనుషులు కనిపిస్తారు కదా!

అలాగని అభిమానులు హాస్యం తెలియనివాళ్లా? కానే కాదు. ఎదురులేని అందం, అన్ని విద్యలూ, అందరి ప్రేమా... అన్నీ తనకే ఉన్న కథానాయిక అభిమానుల కథల్లో తెగ వచ్చేది. ఆ ధోరణిని ఎగతాళి చేస్తూ 1973లో పౌలా స్మిత్ అనే అభిమాని ‘మేరీ స్యూ’ అనే పాత్రను సృష్టించింది. ఇప్పటికీ అలాంటి పాత్రకు ఆ పేరే వాడతారు. అది ఇంట్లోవాళ్లు వేసుకున్న చురక. తగిలినా నొప్పి తక్కువ.

బయటివాళ్లు వేసే చురక అలా ఉండదు. బీబీసీ ‘షెర్లాక్’ సంగతే చూడండి. 2013 డిసెంబరులో లండన్‌లో కొత్త ఎపిసోడ్‌ను ముందుగా చూపించారు. ఆ వేదిక మీద హోమ్స్, వాట్సన్ పాత్రధారులైన బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్, మార్టిన్ ఫ్రీమన్‌ల చేత ఓ అభిమాని రాసిన ప్రేమకథను చదివించారు. రాసినామె అనుమతి తీసుకోలేదు. నటులకు ఇబ్బంది, చూస్తున్న అభిమానులకు అవమానం. తనలాంటి పదిమంది కోసం రాసుకున్నది హాలు నిండా జనం నవ్వుకోవడానికి సరుకైంది!

ఇక ‘సూపర్‌నేచురల్’ది మరో దారి. దయ్యాల్ని వేటాడే ఇద్దరు అన్నదమ్ముల కథ ఇది. 2009లో ఇందులోకి బెకీ అనే అభిమాని పాత్రను తెచ్చారు. ఆ అన్నదమ్ముల మీద కథలు రాస్తుంటుంది. కళ్లెదుట కనిపిస్తే చాలు, మీద పడిపోతుంది. 2011లో మరీ శ్రుతిమించింది. వశీకరణ మందు తాగించి తమ్ముణ్ని పెళ్లాడటం, మంచానికి కట్టేయడం! సీరియల్‌ను నిలబెట్టిన అమ్మాయిలే అది చూసి చిన్నబుచ్చుకున్నారు.

2014లో వచ్చిన 200వ ఎపిసోడ్‌కు పేరే ‘ఫ్యాన్ ఫిక్షన్’. ఓ ఆడపిల్లల బడిలో ఆ అన్నదమ్ముల కథనే సంగీత నాటకంగా వేస్తుంటారు. అన్న డీన్ అది చూసి మొదట మొహం చిట్లిస్తాడు. వెటకారాలూ ఆడతాడు. చివరికి మాత్రం, ఆ నాటకం రాసిన అమ్మాయి కథ ఆమెది, తన కథ తనది అని ఒప్పుకుంటాడు. జోకులు ఇందులోనూ బోలెడు. కాకపోతే ఈసారి ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని నవ్వారు. తేడా అదే.

ఇంతకీ అభిమానుల కథలు ఏమయ్యాయి? వాళ్లే స్వచ్ఛందంగా నడుపుతున్న ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ అనే కథల భాండాగారానికి 2019లో హ్యూగో పురస్కారం దక్కింది. సైన్స్ ఫిక్షన్‌లో అది చాలా పెద్ద గౌరవం.

టీవీ అన్నాక ఎవర్నో ఒకర్ని ఆటపట్టించకుండా ఉండదు. ఆ జోకు మంచిదో కాదో తేల్చుకోవడానికి చిన్న పరీక్ష చాలు. ఆ మనిషి మన సోఫాలోనే కూర్చుని ఉంటే, మనతోపాటు నవ్వగలరా?

మీ ఇంట్లోనూ ఓ అమ్మాయి నోటుబుక్కు చాటు చేసుకుని ఏదో రాసుకుంటూ ఉండొచ్చు. అది లాక్కుని చుట్టాల ముందు చదివి నవ్వించకండి. చూపిస్తానని తనే తెచ్చేదాకా ఆగండి. అప్పుడు నవ్వొచ్చే చోట ఇద్దరూ కలిసే నవ్వుకోవచ్చు.