మెనూ కార్డెక్కిన కేలరీలు

మొత్తానికి ఇంగ్లండ్ పాలకులు అనుకున్నది సాధించారు. 2022 ఏప్రిల్ 6 నుంచి 250 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న హోటళ్లు ప్రతి వంటకం పక్కనా కేలరీలు అచ్చువేయాలి. పెద్దవాళ్లకు రోజుకు సుమారు 2000 కేలరీలు కావాలన్న వాక్యమూ ఉండాలి. తిండికి భయపడి మానేసే జబ్బు అనొరెక్సియా నుంచి తేరుకుంటున్న అమ్మాయికి అంతకంటే ఎక్కువే కావాల్సి రావచ్చన్న ముక్క మాత్రం ఏ మెనూలోనూ కనిపించదు.

ఇలాంటి తిండి జబ్బులున్నవాళ్ల కోసం పనిచేసే బీట్ లాంటి సంస్థలు వద్దు మొర్రో అన్నా వినలేదు. అడిగినవాళ్లకు అంకెల్లేని మెనూ ఇవ్వొచ్చట. జబ్బును కన్నతల్లి దగ్గరే దాచే మనిషి, నలుగురి ముందూ వెయిటర్ని పిలిచి ఆ మెనూ అడగాలన్నమాట!

అంతకు ఏడాది ముందే, 2021 ఏప్రిల్ 9న, ‘బిగ్ బ్రదర్’ రియాలిటీ షోతో పేరొందిన నిక్కీ గ్రేహమ్ 38 ఏళ్లకే కన్నుమూశారు. చిన్ననాటి నుంచీ వెంటాడిన అనొరెక్సియాను కోవిడ్ లాక్‌డౌన్ ఒంటరితనం ముదరబెట్టిందని ఆమె తల్లి టీవీలో చెప్పుకున్నారు. ఉచిత వైద్యానికి పేరుమోసిన ఆ దేశంలో, ఆమె చికిత్స కోసం స్నేహితులు చందాలు పోగుచేయాల్సి వచ్చింది.

2020 మార్చిలో కోవిడ్ భయంతో సూపర్‌మార్కెట్ల అరలు ఖాళీ అయితే మిగతావాళ్లు దొరికిందే కొనుక్కున్నారు. ఈ జబ్బున్నవాళ్లు బెదురు లేకుండా తినగలిగేవి ఏ నాలుగో ఉంటాయి. ఆ పెరుగు, ఆ బ్రెడ్డు దొరక్కపోతే ఆ పూట పస్తే. అతిగా తిని కక్కేసే బులీమియా ఉన్నవాళ్లకేమో ఇంటినిండా పేర్చిన సరుకులే గండం. క్లినిక్‌లు ఫోన్లకూ వీడియోలకూ మారడంతో నర్సు పని అమ్మానాన్నల నెత్తిన పడింది. కంచం దగ్గర కూర్చోవాలి, పోరు పెట్టకూడదు, బరువు ఊసెత్తకూడదు, తిన్న వెంటనే బాత్‌రూమ్‌లోకి పోకుండా ఏ పేకముక్కలో పంచాలి. ఈ జబ్బులున్న పిల్లల అత్యవసర కేసుల్లో 95 శాతాన్ని వారంలోపే చూడాలన్న లక్ష్యానికి గడువు 2020–21. కేసులు పోటెత్తింది కూడా ఆ ఏడాదే.

అసలు ఈ అంకెల పిచ్చికి ఎత్తు, బరువుల లెక్క బీఎంఐ పెద్దదిక్కు. దాని సూత్రం కట్టిన అడాల్ఫ్ కెట్లే 19వ శతాబ్దపు బెల్జియం గణితవేత్త, వైద్యుడు కాదు. ఆయనకు కావాల్సింది జనాభా సగటు. ఆ లెక్క చూపించి ‘ఇంకా అంత సన్నబడలేదు’ అంటూ రోగుల్ని వెనక్కి పంపుతున్నారని హోప్ వర్గో 2018లో ‘డంప్ ద స్కేల్స్’ (తూకం యంత్రాలు పారేయండి) ఉద్యమం మొదలుపెట్టారు.

తెలుగువాళ్లకు ఆ తూకం యంత్రం కూడా అక్కర్లేదు, కళ్లతోనే తూచేస్తారు. లాక్‌డౌన్లు ఎత్తేశాక పెళ్లిళ్లలో వినబడిన తొలి పలకరింపు ‘ఒళ్లు చేశావే!’, కాకపోతే ‘ఏమ్మా, ఇలా చిక్కిపోయావు?’ సంబంధాలు చూసేటప్పుడు పిల్ల ఒళ్లు గురించి ఆరా తీసే పెద్దలు, అదే పిల్ల వరసగా పూటలు మానేస్తుంటే ఉపవాసమనుకుని మురిసిపోతారు. డాక్టరు దగ్గరికి బయల్దేరేసరికి నెలలు గడిచిపోతాయి.