ఫొటోలో జడ, పీటల మీద తల

పెళ్లి కుదిరిందంటే ఇదివరకు ఆడపిల్ల ఇంట్లో ముందు చీరల మాట, ఆ తర్వాత నగల మాట వచ్చేవి. ఇప్పుడు వాటికన్నా ముందే జడ మాట వస్తోంది. మా ప్రజ్ఞాపూర్‌లో గానీ, పక్కనే ఉన్న గజ్వేల్‌లో గానీ ఏ బ్యూటీపార్లర్‌కి వెళ్లినా ఇదే తంతు. కాబోయే పెళ్లికూతురు సెల్‌ఫోన్ తీసి ఎవరో ఒక తార ఫొటో చూపిస్తుంది. "అక్కా, అచ్చం గిట్లనే రావాలె" అంటుంది. అడగడంలో తప్పేముంది? జీవితంలో ఆ ఒక్కరోజైనా తారలా వెలిగిపోవాలని ఏ పిల్లకుండదు చెప్పండి?

నాకు పేచీ అల్లా ఆ 'అచ్చం' అన్న మాటతోనే.

సినిమావాళ్లను చూసి సింగారించుకోవడం ఇవాళ కొత్తగా వచ్చిన జబ్బేమీ కాదు. 1960లో వచ్చిన హిందీ సినిమా 'లవ్ ఇన్ సిమ్లా'లో సాధన నుదుటి మీద కత్తిరించిన ముంగురులతో కనిపించింది. ఆమె విశాలమైన నుదురు కొంచెం కప్పడానికి, హాలీవుడ్ నటి ఆడ్రీ హెప్‌బర్న్ ముంగురులు చూసి చేసిన ఏర్పాటది. అదే 'సాధనా కట్' అయి దేశమంతా తిరిగింది. మన దగ్గర డెబ్భైల్లో వాణిశ్రీ కొప్పు రాజ్యమేలింది. 'ప్రేమనగర్' (1971) నాటి ఆ కొప్పు గురించి అడిగితే మా పెద్దమ్మ మొహం ఇప్పటికీ వెలిగిపోతుంది. జుట్టు చాలనివాళ్లు లోపల సవరం చుట్టేవాళ్లట. పిన్నులు చాలకపోతే పక్కింటి నుంచి అరువు తెచ్చుకునేవాళ్లట. కొప్పు ఎంత ఎత్తుండాలో మాత్రం అత్తగారి మొహం చూసి నిర్ణయించుకునేవాళ్లట!

నవ్వులాటకే చెప్పినా అందులో ఓ తెలివి ఉంది. వాళ్లు వాణిశ్రీని చూసి ముచ్చటపడ్డారు, కానీ కొప్పు మాత్రం తమ జుట్టుతో, తమ ఇంటికి తగ్గట్టు వేసుకున్నారు. ఆ మార్చుకోవడమే ఇప్పుడు మనం మరిచిపోతున్నాం.

ఈమధ్య పార్లర్లలో ఎక్కువగా వినపడే పెళ్లిళ్లనే తీసుకోండి. 2017 డిసెంబరులో అనుష్కా శర్మ ఇటలీలోని టస్కనీలో పెళ్లి చేసుకుంది. లేత గులాబీ లెహంగా, మెడ మీదికి దించి వేసిన ముడి, దాని చుట్టూ లేత రంగు పూలు. 2022 ఏప్రిల్‌లో ఆలియా భట్ ముంబైలో, ఇంట్లోనే, కొద్దిమంది అతిథుల మధ్య, పాపిట తీసి జుట్టు వదిలేసుకుని పెళ్లి చేసుకుంది. 2024 డిసెంబరు 4న హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోస్‌లో శోభిత ధూళిపాళ కంచిపట్టు చీర కట్టి, నుదుట బాసికంతో పీటల మీద కూర్చుంటే తెలుగు పెళ్లికూతురి ముస్తాబు మళ్లీ అందరి ఫోన్లలోకి ఎక్కింది. ముగ్గురూ బాగున్నారు. ఎవరి పెళ్లికి, ఎవరి వాతావరణానికి తగ్గట్టు వాళ్లు తయారయ్యారు కాబట్టే బాగున్నారు. డిసెంబరు చలిలో ఇటలీలో నిలిచిన పూలముడిని తెచ్చి, మే నెల మధ్యాహ్నం మన ఫంక్షన్ హాల్లో, హోమం పొగ పక్కన కూర్చోబెడితే ఎంతసేపు నిలుస్తుంది?

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. మన పెళ్లిలో పెళ్లికూతురి తల ఊరికే ఫొటోకు నిలబడేది కాదు. దానికి బోలెడు పని ఉంది. నుదుటికి బాసికం కట్టి, దారం తల వెనక్కి ముడేస్తారు. ముహూర్తం వేళకి వరుడు జీలకర్ర బెల్లం పెట్టేది సరిగ్గా నడినెత్తిన. అక్కడ దూదిలా ఎత్తి, స్ప్రే కొట్టి, పిన్నులు గుచ్చి, పూలు కూరితే ఆ తమలపాకు ఎక్కడ నిలుస్తుంది? మూడుముళ్లు వేసేటప్పుడు ఆడపడుచు వెనక నిలబడి జడ ఎత్తి పట్టుకోవాలి. విరబోసిన జుట్టయితే ముడుల్లో చిక్కుకుంటుంది. ఆ తర్వాత తలంబ్రాలు. దోసిళ్లకొద్దీ బియ్యం తలమీద పడాలి, జారిపోవాలి. చివరికి అరుంధతీ నక్షత్రం చూడమని తలెత్తమంటారు. తలెత్తగలిగే బరువే ఉండాలి కదా మరి!

మన అమ్మమ్మలు వేసిన పూలజడ ఈ పనులన్నిటికీ కుదిరేది. నెత్తి మీద పాపిట సాఫీగా, పాపిటబిళ్ల ముందుకి, బరువంతా వెనక జడ పొడవునా పరుచుకుని, చివర జడగంటలు. అందం సంగతి తర్వాత, అందులో లెక్క చూడండి. అలాగని అందరూ పూలజడే వేసుకోవాలని నేననడం లేదు. ముడి వేసుకోండి, సగం జుట్టు వదులుకోండి. నడినెత్తి, మెడ వెనక ఖాళీ ఉంచమని మాత్రం పార్లర్ అమ్మాయికి ముందే చెప్పండి. తార ఫొటోతో పాటు మన పెళ్లి తంతు కూడా ఆమె చేతిలో పెట్టండి.

ఇక జుట్టు సంగతి. మా బంధువుల్లో ఒక పెళ్లి చూశాను. పిల్ల చక్కని చుక్క. జుట్టు మాత్రం పలచన, భుజాల దాకానే. పెళ్లి కుదిరిన రోజు నుంచి వచ్చిన ప్రతి చుట్టమూ "అయ్యో, జుట్టు గింతేనా?" అనడమే. ఆ పిల్ల ఆ మాటలు పడలేక ఒక తార ఫొటో చూపించి, మోకాళ్లు దాటే జడ కట్టించుకుంది. ఆ బరువంతా ఆగడానికి ఉన్న నాలుగు వెంట్రుకల్నీ గుంజి బిగించారు. భోజనాల వేళకి తలనొప్పితో కళ్లు తిరిగాయి. అప్పగింతలప్పుడు ఆ పిల్ల ఏడిస్తే పుట్టింటి మీద బెంగ అనుకున్నారందరూ. పక్కన నిలబడ్డ నాకు వినపడిన మాట, "చిన్నమ్మా, గీ పిన్నులు తియ్యవా" అన్నది.

ఇందులో ఆ పిల్లను అనడానికేముంది? పార్లర్‌ను అనడానికీ లేదు. "గింతేనా" అన్న నోళ్లదే ఆ బరువంతా. అదే పందిట్లో పెళ్లికొడుకు నెత్తి మీద జుట్టు అప్పటికే సగం సెలవు తీసుకుంది. తలపాగా చుట్టి కూర్చోబెట్టారు. ఒక్కరైనా "అయ్యో గింతేనా" అన్నారా? అనలేదు. అనకూడదు కూడా. మరి పిల్లను మాత్రం ఎందుకనాలి?

సవరం పెట్టుకుంటే నామోషీ అనుకునేవాళ్లకు ఒక మాట. తెలుగువాళ్లలో అన్నిటికన్నా పేరున్న జడ కూచిపూడి భామాకలాపంలో సత్యభామది. తెర మీద నుంచి ఆ జడ వేసి మరీ సవాలు విసురుతుంది భామ. వేదాంతం సత్యనారాయణ శర్మగారిలాంటి మగవాళ్లు ఆ వేషం కట్టి ఊళ్లను ఊగించారు. అంటే మన సత్యభామ జడ కట్టుడు జడే! అది జడగా మనందరికీ ముద్దే అయింది కదా. ఇప్పుడు 'ఎక్స్‌టెన్షన్లు' అని కొత్త పేరుతో వస్తున్నదీ సవరమే. మొక్కు తీర్చుకోవడానికి భక్తులు తిరుమలలో ఇచ్చిన తలనీలాలను దేవస్థానం ఏటా వేలం వేస్తుంది. అలాంటి జుట్టే విగ్గులై, సవరాలై దేశదేశాలు తిరుగుతుంది. ఎక్కడో ఒక తల్లి తన బిడ్డ బాగుండాలని ఇచ్చిన జుట్టు మరెక్కడో ఒక పెళ్లికూతురి జడ కావచ్చు. అందులో సిగ్గుపడేదేముంది? పెట్టుకోవాలనిపిస్తే తేలికైనది, తల మోయగలిగినది పెట్టుకోవాలి. అక్కర్లేదనిపిస్తే ఉన్న జుట్టుకే రెండు మూరల పూలు చుట్టుకోవాలి.

కుదుళ్లు గుంజుకుపోయేలా మాటిమాటికీ బిగించి కడితే, ఆ గుంజిన చోట జుట్టు రాలిపోతుంది. దీన్ని వైద్యులు 'ట్రాక్షన్ అలొపీషియా' అంటారు. మొదట్లోనే మానేస్తే తిరిగి వస్తుంది, ఏళ్లతరబడి సాగితే కుదుళ్లే చచ్చిపోతాయి. జుట్టు రంగుల్లో, చేతికి త్వరగా పండుతుందనే నల్ల మెహందీలో 'పీపీడీ' అనే రసాయనం కొందరికి పడదు. దద్దుర్లు, వాపులు వస్తాయి. కాబట్టి రంగు వేసుకోదలిస్తే రెండు రోజుల ముందు చర్మం మీద కొంచెం రాసి చూసుకోవాలి. జుట్టును సాపు చేసే మందుల్లో కొన్నింటి నుంచి వేడికి ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది. కళ్లకూ ఊపిరికీ అది మంచిది కాదు. పెళ్లి నెల ముందు కొత్త ప్రయోగాలు వద్దు.

నేను పార్లర్లకు వ్యతిరేకిని కాను. మా ఊళ్లాంటి చోట ఎంతమంది ఆడవాళ్లు ఆ పనితోనే ఇల్లు నడుపుకుంటున్నారో నాకు తెలుసు. ఫొటో చూపించి 'అచ్చం' అంటే ఆమె చేతులు కట్టేసినట్టే. "నా జుట్టు ఇది, నా పెళ్లి ఇది, నాకేది బాగుంటుందో నువ్వు చెప్పు" అనండి. వారం ముందు ఒకసారి వేయించుకుని, రెండు గంటలు అలాగే ఉండి చూడండి. తల వంచండి, ఎత్తండి, పడుకుని లేవండి. నొప్పెడితే మార్పించండి. హైదరాబాద్ గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి ఖరీదైన పూలే రావాలని లేదు. వేసవిలో మల్లెలు, చలికాలంలో చామంతులు మనకు దొరికేవే కదా. తంగేడు, గునుగు వరుస తప్పకుండా పేర్చి బతుకమ్మను నిలబెట్టే చేతులు మన సిద్దిపేట జిల్లాలో ఇంటింటికీ ఉన్నాయి. ఆ చేతులకు ఒక పూలజడ అల్లడం ఎంతలో పని!

తారల్ని చూడండి, ముచ్చటపడండి. వాళ్ల దగ్గర ఒక పాపిట, ఒక పువ్వు, ఒక రంగు తెచ్చుకోండి. కానీ పీటల మీద కూర్చునే తల మన పిల్లది. నొప్పీ దానిదే, సంతోషమూ దానిదే. పెళ్లింటికి వెళ్లినప్పుడు మనం చేయగలిగిన సాయం ఒకటుంది. "జడ ఎంత పొడుగుంది?" అని కొలవకుండా, "బరువుగా లేదు కదా తల్లీ?" అని ఒక్కమాట అడగడం. ఏమంటారు?