ప్రాణము గల సరకు

పశువుల సంతలో ఎద్దును కొనువాడు నోరు తెరచి పండ్లు చూచును, సుడులు పరిశీలించును, నాలుగడుగులు నడిపించి కాళ్ల తీరు గమనించును. నీళ్లలో నున్న గేదెకు బేరమాడరాదని మనవారి సామెత. ఈ జాగ్రత్త యంతయు కొనువాని కంటిపైనను, అనుభవముపైనను ఆధారపడినది. నగరములలో కుక్కపిల్లను కొనువారికి ఆ యనుభవము లేదు. అద్దాల పెట్టెలో తోక యాడించు పిల్లను చూచి ఇంటి బిడ్డ చేతులు చాచిన క్షణముననే బేరము ముగియుచున్నది. అట్టి కొనుగోలుదారుని కాపాడుట యెట్లు? ఈ ప్రశ్నకు అమెరికా సంయుక్త రాష్ట్రములు చెప్పిన సమాధానములు క్రమముగా మారుచు వచ్చినవి. ఆ మార్పు మనము గమనింపదగినది.

వస్తువు చెడినచో తిరిగి యిచ్చి సొమ్ము పుచ్చుకొనుట సాధారణ న్యాయము. గడియారమునకు ఈ న్యాయము చాలును; కుక్కపిల్లకు చాలదు. ఇంటికి వచ్చిన పదవనాడు అది జబ్బుపడినచో, అప్పటికే దాని కొక పేరుండును. పిల్లల ప్రక్కన నిద్రించుటకు అలవాటు పడియుండును. దానిని అంగడికి తిరిగి పంపుటకు ఇంటిలో ఎవరికిని మనసొప్పదు. ఈ సత్యమును గుర్తించి ఇరువదికి పైగా రాష్ట్రములు ప్రత్యేక శాసనములు చేసినవి. కాలిఫోర్నియాలో 15 దినములలోగా వ్యాధి గాని, ఒక సంవత్సరములోగా పుట్టుకతో వచ్చిన లోపము గాని బయటపడి పశువైద్యుడు ధ్రువపరచినచో, కొన్నవానికి మూడు మార్గములు కలవు. కుక్కను తిరిగి యిచ్చి సొమ్మును, వైద్యపు ఖర్చును పొందవచ్చును. వేరొక కుక్కను తీసికొనవచ్చును. లేదా ఆ కుక్కనే ఉంచుకొని, కొన్న ధరకు ఒకటిన్నర రెట్లకు మించకుండ వైద్యపు ఖర్చును వ్యాపారినుండి రాబట్టుకొనవచ్చును. వేయి డాలర్ల కుక్కకు పదునైదు వందల డాలర్ల వరకు వ్యాపారి యిచ్చుకొనవలసినదే. ఏ గడియారమునకును ఇట్టి హక్కు లేదు. ప్రాణమును సరకుగా చూచిన చట్టము, అది సరకు మాత్రమే కాదని ఈ మూడవ మార్గముచే ఒప్పుకొన్నది.

వ్యాపారులు వేరొక ఉపాయము కనిపెట్టిరి. చేత రొక్కము లేని కొనుగోలుదారుచేత అంగడిలోనే కాగితములపై సంతకము చేయించిరి. అవి వాయిదాల కొనుగోలు పత్రములని ఆతడు తలచెను. నిజమునకు అవి అద్దె ఒప్పందములు. కుక్క ఆతనిది కాదు, ఫైనాన్సు కంపెనీది. నెలనెల అద్దె చెల్లించి, గడువు తీరిన పిదప మరికొంత ముట్టచెప్పిననే అది ఆతని సొంతమగును. వాయిదా తప్పినచో కంపెనీ దానిని పట్టుకొనిపోవచ్చును. ఊహకొక లెక్క వేయుదము. వేయి డాలర్ల కుక్కకు నెలకు 75 డాలర్ల చొప్పున 24 నెలలు చెల్లించినచో 1,800 అగును. చివర 150 కలిపినచో 1,950. ధరకు దాదాపు రెట్టింపు.

ఇట్టి ఒప్పందములలో మొత్తము ఎంత చెల్లించవలెనో ముందుగా తెలుపవలెనని 1976లో చేసిన ఫెడరల్ అద్దె శాసనము చెప్పుచున్నది. అయినను తెలుపుట మాత్రముచే కార్యము నెరవేరలేదు. కుక్కపిల్లను ఒడిలో పెట్టుకొని చిన్న అక్షరములు చదువువారెందరు? పైగా కారును జప్తు చేసినచో నడచి పోవచ్చును. బిడ్డ పెంచుకొన్న కుక్కను జప్తు చేయుదుమన్నచో తండ్రి అప్పు చేసియైన కట్టును. ఇచట తాకట్టు పడినది కుక్క కాదు, దానిపై నున్న ప్రేమ.

అందుచేత 2017లో నెవాడా, కాలిఫోర్నియా రాష్ట్రములు, 2018లో న్యూయార్కు ఇట్టి అద్దెలను నిషేధించినవి. కాలిఫోర్నియా శాసనము 2018 జనవరి 1 తరువాత కుదిరిన ఇట్టి ఒప్పందములు చెల్లవనుటతో ఆగలేదు. కుక్క దానిని తీసికొన్న వానిదే యగును. ఆతడు చెల్లించిన సొమ్మంతయు ఆతనికి తిరిగి యీయవలెను.

పేదవాడు కుక్కను పెంచుకొనరాదా, ఇష్టపడి చేసికొన్న ఒప్పందమునకు ప్రభుత్వము అడ్డుపడనేల అని కొందరందురు. ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. కాని ఈ శాసనము అప్పును నిషేధింపలేదు. ఆ కుక్కను హామీగా పెట్టుకొనని అప్పునకు అవకాశ మిచ్చినది. నిషేధించినది ప్రాణిని కుదువబెట్టుటను మాత్రమే. అయితే అప్పు దారియు దోషరహితము కాదని పిదప తేలినది. కాబోలు, 2022లో చేసిన మరియొక శాసనముచే ఇంటర్నెట్టు ద్వారా కుక్కలను, పిల్లులను, కుందేళ్లను అమ్మువారు తామే అప్పులు కుదుర్చరాదని కాలిఫోర్నియా కట్టడి చేసినది.

మన దేశమున 2017 నాటి కుక్కల పెంపకపు నియమముల ప్రకారము పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావలెను. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. 2018 నాటి నియమములు పెంపుడు జంతువుల అంగళ్లకును నమోదు విధించినవి. 2019 నాటి వినియోగదారుల రక్షణ శాసనము అన్యాయపు ఒప్పందమనగా నేమో నిర్వచించి, దానిపై ఫిర్యాదు చేయు మార్గము చూపినది. కాని జబ్బుపడిన కుక్కపిల్లను ఉంచుకొనుచునే వైద్యపు ఖర్చు రాబట్టుకొను స్పష్టమైన హక్కు ఈ నియమములలో లేదు. సాధారణ వినియోగదారుల న్యాయమునే ఆశ్రయింపవలెను.

ఫోనులు, వాహనములు వాయిదాలపై కొనుట మనకు అలవాటైనది. తరగతిలో వడ్డీ లెక్కలు చెప్పు ఉపాధ్యాయుడు నల్లబల్లపై ఒక ప్రశ్న అదనముగా వ్రాయుట మేలు: చివరి వాయిదా చెల్లించువరకు ఈ వస్తువు ఎవరిది? వస్తువు విషయమున ఆ ప్రశ్న సొమ్మునకు సంబంధించినది. ప్రాణి విషయమున, అది ఒక ఇంటి కంటనీటికి సంబంధించినది.