తాతగారి మూలమట్టాన్ని తోమవచ్చునా?

ఇత్తడి తళతళలాడకపోతే ఇంటి ఇల్లాలికే మాట వచ్చే సంప్రదాయం మనది. చింతపండుతో తోమిన బిందెను చూచి మురిసిపోతాము. బిందె విషయంలో అది తప్పు కాదు. అదే చేయి పాత పనిముట్లపై పడితే మాత్రం అనర్థమని నా అభిప్రాయం. ఇది ఊరకే కలిగిన అభిప్రాయం కాదు.

వడ్రంగం చేసిన మా తాతగారి మూలమట్టం నాతోపాటు కెనడాకు వచ్చింది. ఇరుగుడు కర్రకు ఇత్తడి రేకు తాపి, ఇత్తడి చీలలతో బిగించిన పనిముట్టు అది. ఒక దసరాకు దానిని చింతపండు రసంలో నానవేసి తోమాను. ఇత్తడి అక్కడక్కడ ఎర్రబారింది. రేకు క్రిందికి దిగిన నీటికి కర్ర ఉబ్బింది. చలికాలంలో హీటరు వేడికి అదే కర్ర ముడుచుకొని చీలలు వదులైనాయి. రేకుపై తాతగారు గీసుకొన్న గుర్తు సగం చెరిగిపోయింది. లంబకోణం చూపవలసిన మట్టం ఇప్పుడు దానిని చూపదు.

ఇత్తడి రాగి, జింకుల మిశ్రమలోహం. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం పైనున్న ఆక్సైడు పొరను కరిగిస్తుంది. ఎక్కువసేపు నానితే జింకు ముందుగా కరిగి ఉపరితలాన రాగి మిగులుతుంది. ఎరుపుకు కారణమిదే. అమ్మోనియా కలిసిన పాలిష్‌లతో మరొక ప్రమాదం ఉన్నది. బ్రిటిషు పాలనాకాలంలో మన దేశాన, వర్షాకాలంలో గుర్రపుశాలలలో దాచిన ఇత్తడి తూటాగొట్టాలు వాటంతట అవే పగిలేవి. లోహంలో మిగిలిన ఒత్తిడికి అమ్మోనియా తోడవడమే అందుకు కారణమని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే శాస్త్రజ్ఞులు వివరించారు. సుత్తిదెబ్బ తిన్న చీలలోనూ అట్టి ఒత్తిడి ఉండవచ్చు.

కర్ర సంగతి వేరు. ఇక్కడి శీతకాలంలో ఇళ్ళలోని సాపేక్ష ఆర్ద్రత 30 శాతానికి దిగువకు పడిపోవడం సాధారణం. అప్పుడు కర్ర పీచుకు అడ్డంగా ముడుచుకొంటుంది, పొడవున దాదాపు మారదు. ఇత్తడికి తేమతో నిమిత్తమే లేదు. ఒకటి కదిలి మరొకటి కదలని చోటనే పగులు పుడుతుంది. కనుక పనిముట్లను బేస్‌మెంటులో ఫర్నేసు ప్రక్కన దాచేవారు ఒకసారి ఆలోచించాలి.

1972లో ఒట్టావాలో నెలకొల్పిన కెనడియన్ కన్సర్వేషన్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియముల కొరకు వెలువరించే కరపత్రాలలో ఇత్తడి శుద్ధికి ప్రత్యేకించినది ఒకటి ఉన్నది. ఇంటివారూ దానిని చదవదగును. మెరుగుపెట్టిన ప్రతిసారీ కొంత లోహం అరిగిపోతుంది. ముందుగా చెరిగేవి తయారీదారు ముద్ర, పనివాని గుర్తులే.

అలాగని మురికిగా ఉంచనక్కరలేదు. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, మినరల్ స్పిరిట్‌తో కాస్త తడిపిన గుడ్డతో జిడ్డు తుడవాలి. చిలుము ఉన్నచోట మాత్రమే మెత్తని సుద్దపొడి వాడి, చివర పలుచగా మైనం పూస్తే చాలు. ఇంకా పనిలో ఉన్న పనిముట్టు కర్రకు అవిసెనూనె రాయవచ్చును గాని, తుడిచిన గుడ్డను ఉండచుట్టి పారవేయరాదు. ఆ నూనె ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు పుట్టే వేడికి గుడ్డ తనంత తానే అంటుకొనగలదు. బయట పరచి ఆరనివ్వాలి.

ఆయుధపూజనాడు మా ఇంట పసుపు కుంకుమలు ఇప్పుడు మూలమట్టంపై గాక, దాని క్రింద పరచిన గుడ్డమీద ఉంచుతున్నాము. మా అమ్మగారు ఇందుకు ఇంకా సమ్మతించలేదు.